ఏసన్న ఒప్పుకోలు

ఏసన్న బ్యూరెట్లను ఒక్కొక్కటే కొళాయి కింద కడిగి స్టాండుకు తగిలిస్తున్నాడు. ఎండుకట్టె లాంటి మనిషి. ఆసిడు తగిలి తగిలి వేళ్ల కొనలు పసుపుపచ్చగా మారిపోయాయి, ఖాకీ చొక్కా నిండా సన్నని చిల్లులు. కర్నూల్లోని ఆ కాలేజీ రసాయనశాలలో ఇరవై రెండేళ్లుగా అటెండరు. అతని చేతిసాయంతో పరీక్ష గట్టెక్కి డాక్టర్లయినవాళ్లున్నారు, ఇంజనీర్లయినవాళ్లున్నారు. బజార్లో ఎదురైతే ఒక్కడూ పలకరించడు, అది వేరే సంగతి.

అతనికో అలవాటుంది. పిల్లలెవరైనా గాజుసామాను పగలగొడితే, సారు గొంతు లేవకముందే "తప్పైపోయింది సార్" అని తన మీద వేసుకుంటాడు. పిల్లలకు జుల్మానా తప్పుతుంది, సారుకు విచారించే శ్రమ తప్పుతుంది. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఏది పగిలినా పగలగొట్టింది ఏసన్నే.

ఈ రోజు మాత్రం కడిగిన బ్యూరెట్‌నే మళ్లీ మళ్లీ కడుగుతున్నాడు. రసాయనశాస్త్రం ఆనర్సులో చేరడానికి యూనివర్సిటీ జరిపే ఇంటర్వ్యూకు కాలేజీ తరఫున ఒక్కరినే పంపుతారు. ఇచ్చిన లవణమేదో కనుక్కునే పరీక్షతో ఆ ఒక్కరెవరో ఈ మధ్యాహ్నం తేలిపోతుంది. మిగిలినవాళ్లు ఇద్దరు. ఒకడు కోడుమూరు భూస్వామి కొడుకు రామకృష్ణ, ఇంకొకడు ఏసన్న కొడుకు దావీదురాజు. నెల రోజులుగా దావీదురాజు ఇంటర్వ్యూ జవాబులు ఇంగ్లీషులో గోడకు అప్పజెప్పుకుంటున్నాడు. తల్లి ఈరక్క రొట్టెలు తడుతూ, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊఁ కొడుతోంది.

"ఇద్దరికీ చెరో లవణం పెట్టవయ్యా ఏసన్నా. నీకు తెలియనిదేముంది" అన్నాడు లెక్చరరు నరసింగరావు.

ఏసన్న బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొడుక్కి తేలికది పెడితే లోకం ఊరుకుంటుందా? అందుకని రామకృష్ణకు మైలుతుత్తం పెట్టాడు. దాని నీలం చూస్తే చిన్నపిల్లలైనా పేరు చెబుతారు. కొడుక్కి మాత్రం పోయినేడు ముగ్గురిని ముంచిన తెల్లపొడి పెట్టి, కన్నెత్తి కూడా చూడకుండా మూలకెళ్లి నిలబడ్డాడు.

దావీదురాజు తీగను ఆసిడులో ముంచి, పొడి అద్ది, మంటలో పెట్టాడు. మంట ఎర్రబడింది. ఇటుక ఎరుపైతే ఒక లవణం, కుంకుమ ఎరుపైతే ఇంకొకటి. చాలామంది బోల్తాపడేది అక్కడే. అతను మూడుసార్లు చూసుకుని, మిగతా పరీక్షలు కూడా చేసి, స్ట్రాన్షియం లవణమని రాసిచ్చాడు. అప్పటికి రామకృష్ణ ఇంకా నీలంనీళ్లు మరగబెడుతూనే ఉన్నాడు. మూలనున్న ఏసన్నకు గుండె ఉప్పొంగింది.

నరసింగరావు కాగితం చూసి ముఖం చిట్లించాడు. "ఇంత తొందరగానా? ఏసన్నా, నువ్వుగానీ చెప్పావా?"

కోపంతో అడిగిన మాట కాదు. తల కూడా ఎత్తలేదు. కానీ ఆ గొంతు వినబడగానే ఏసన్న చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

"తప్పైపోయింది సార్."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. "కాదు సార్, నేనేం చెప్పల్యా. వాడే కనుక్కున్యాడు" అన్నాడు గబగబా.

"ఇప్పుడేగా ఒప్పుకున్నావు" అంటూ నరసింగరావు రామకృష్ణ పేరు రాసి కలం మూత పెట్టేశాడు.

దావీదురాజు తన పరీక్షనాళికలు కడిగి బోర్లించి బయటికి నడిచాడు. వరండాలో ఏసన్న అందుకున్నాడు.

"ఎందుకట్లన్యావు నాయనా?" అన్నాడు కొడుకు.

"నోట్లోనించి వచ్చేసింది రా. అలవాటైపోయిండాది."

కొడుకు తండ్రి చేతుల వంక చూశాడు. మెట్లు దిగిపోయాడు. ఏసన్నకు తన నాలుక కోసుకోవాలనిపించింది. వెంటపడి పోవాలనీ అనిపించింది. కానీ లోపల ఇంకా కడగాల్సిన బ్యూరెట్లు మిగిలి ఉన్నాయి. వెళ్లి కడిగాడు.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరాడు. ఈరక్క గడపలో కూర్చుని ఉంది.

"అబ్బోడు బేతంచెర్లకు పాయె. నాపరాళ్ల గనిలో పని ఉండాదంట. నిన్నేమీ అన్లేదులే" అంది.

"కాయితాలు తీస్కపాయనా?"

"తీస్కపో నాయినా అంటి. రాళ్లు కొట్టేదానికి అవెందుకుమా అన్యాడు."

గూట్లో, గాలికి ఎగిరిపోకుండా జొన్నలు కొలిచే సేరు బరువు పెట్టి, దావీదురాజు ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఉంది.