ప్లాట్‌ఫారం మీద ఆవిడ

“నవల గురించి మాట్లాడుకోవడానికే కదా వస్తున్నారు. ఉప్మా ఒక్కటి చాలు” అన్నాడు త్యాగరాజు.

ఆ ఒక్కటి కోసం లీల ఆదివారం మధ్యాహ్నం నుంచీ వంటింట్లోనే ఉంది. ఉల్లిపాయలు తరిగింది, రవ్వ వేయించింది, తక్కువపడ్డ గ్లాసులు ఇరుగింట్లో అడిగి తెచ్చింది. పొద్దున్నే భర్తతో ఒక మాట చెప్పింది. సాక్చి పేటలో తెలుగు బడికి లెక్కల టీచరు కావాలట, రేపు వచ్చి కనబడమన్నారు. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, “కాస్త ఆగు లీలా, మాట్లాడదాం” అన్నాడు. ఆ తర్వాత మాట్లాడింది ఉప్మా గురించే.

టాటానగర్ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే బారిడీహ్ పేట తెలుగువాళ్లు నెలకో ఇంట్లో కూడి ఒక పుస్తకం మీద అభిప్రాయాలు చెప్పుకునేవారు. ఎనభై రెండు ఎండాకాలంలో ఆ పుస్తకం ఎవరో కొత్త రచయిత తొలి నవల, “పట్టాల మీద పులి”. విశాఖ నుంచి ఎవరో తెచ్చిన ఒకే ఒక్క ప్రతి షిఫ్టుల వారీగా ఇళ్లన్నీ తిరిగింది. త్యాగరాజు రెండుసార్లు చదివాడు. చివరికి అట్ట ఊడి, గ్రీజు మరకలతో లీల చేతికొచ్చింది. చదువు రాని ఎదురింటి నూకాలమ్మకు ఆమె చదివి వినిపించింది. మధ్యాహ్నాలు నూకాలమ్మ బియ్యంలో రాళ్లు ఏరేది, లీల చదివేది.

రెండో అధ్యాయంలో హీరో, జ్వరంతో ఉన్న పిల్లతో సహా భార్యని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి, “ఒక్క నిమిషం కూర్చో, వచ్చేస్తా” అని, దొంగల ముఠాని తరుముతూ కదిలే గూడ్సు ఎక్కేస్తాడు. ఆపైన వంతెన మీద పోరాటం, నదిలోకి దూకడం, సొరంగంలో డైనమైటు. నూకాలమ్మకి అవేవీ పట్టలేదు.

“అవన్నీ సరే లీలమ్మా, ఆడు తిరిగొచ్చినాడేటి? గుంటకి ఒల్లు కాలిపోతంది గదా.”

“వస్తాడక్కా, వచ్చే అధ్యాయంలో.”

“ఏటొత్తాడో! ఆ తల్లికి గుక్కెడు నీల్లైనా ఇచ్చినారో లేదో ఎవులైనా.”

ఆ బెంచీ కోసమే ఇద్దరూ ఆత్రంగా పేజీలు దాటుకుంటూ పోయారు. ఆఖరి పేజీలో హీరో మెడలో దండ పడింది, జనం జేజేలు కొట్టారు, కథ అయిపోయింది. కాగితాలేవో ఊడిపోయాయనుకుని లీల పేజీల అంకెలన్నీ సరిచూసింది. అన్నీ ఉన్నాయి. నూకాలమ్మ చేట ఒళ్లోంచి కింద పెట్టేసింది.

“అయ్యో నా తల్లో! ఇంకా ఆ బెంచీ మీదే కూకున్నాదా?”

సాయంత్రం ముందుగదిలో చాప పరిచారు. పెద్దాయన అచ్యుతరామయ్యగారు, తెలుగులో ఇంత ఉరకలు వేసే నవల తాను చదవలేదన్నారు. క్రేను నడిపే పోలరాజు, నూకాలమ్మ మొగుడు, ప్లేటు పక్కన పెట్టి మరీ చెప్పాడు. “ఏక్‌దం ఫస్టుక్లాసు బాబూ! ఆ గూడ్సు మీంచి దూకడం సూడండి. మా ఫోర్‌మన్ అలాగ దూకితే మక్కెలిరిగిపోవా!”

నవ్వులయ్యాక త్యాగరాజు గొంతు సవరించుకున్నాడు. “అల్లిక చూడండి. ఎక్కడా ఒక్క పోగు వదల్లేదు. లోపమన్నది లేదు.”

టీ అందిస్తున్న లీల ఆగింది. “మరి భార్య?”

“ఏ భార్య?” అన్నాడు త్యాగరాజు.

ఆటపట్టిస్తున్నాడేమోనని అతని ముఖంలోకి చూసింది. కాదు. నిజంగానే తెలియదు. ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎవరికీ తెలియదు. టీ పళ్లెం చాప మీద పెట్టేసింది.

“స్టేషన్లో కూర్చోబెట్టి వెళ్లాడు కదండీ, జ్వరం పిల్లతో. మళ్లీ రానేలేదు.”

“అలాంటిది ఉందా, అమ్మాయీ?” అన్నారు అచ్యుతరామయ్యగారు.

“నాను సూడ్నేదే!” అన్నాడు పోలరాజు. “ఇంటికెల్లిపోయుంటాదిలే సెల్లెమ్మా.”

త్యాగరాజు నవ్వేశాడు. “మా ఆవిడకి స్టేషన్లంటే అదో ఇది లెండి. పెళ్లైన కొత్తలో టాటానగర్లో దిగాం. ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టి, ఒక్క నిమిషం అని బయటికెళ్లాను. ఫ్రెండు స్కూటరు మీద కనిపించాడు. మాటల్లో పడి సాక్చి దాకా వచ్చేశాను. అక్కడ టీ తాగుతుంటే గుర్తొచ్చింది, అరే, నాకు పెళ్లయింది కదా అని!”

గది ఘొల్లుమంది. ఈ కథ వాళ్లందరికీ కంఠతా వచ్చు. ప్రతిసారీ చివర్లో “అయినా టీ పూర్తిగా తాగే వచ్చారు” అని అందించేది లీలే. ఆ మాటకి ఇంకో విడత నవ్వేవారు. ఇప్పుడూ త్యాగరాజు నవ్వుముఖంతో ఆమె వైపు చూస్తూ ఆ మాట కోసం ఆగాడు. లీల నోరు విప్పలేదు. ఆ రోజు ట్రంకుపెట్టె మీద తనకి దాహం వేసింది. సామాను వదిలి కుళాయి దాకా వెళ్లడానికి భయమేసింది. ఇన్నేళ్లలో అది ఎవరికీ చెప్పలేదు. పైగా నవ్వించింది. దిగీ దిగగానే ఉద్యోగం మాట ఎత్తితే, మరిది చదువు పూర్తి కానీ అన్నారు. తర్వాత ఆడపడుచు పురుడు కానీ అన్నారు. “నువ్వు సంపాదిస్తే గానీ గడవదా మా వాడికి?” అంది అత్తగారు. నా ప్రమోషన్ రానీ అన్నాడు ఆయన. అన్నీ చిన్న చిన్న గడువులే. ఎవరూ గట్టిగా వద్దనలేదు, అందుకే తనూ గట్టిగా అడగలేదు. నవలలో ఆ భార్యకి రచయిత పేరైనా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అందరూ వెళ్లాక త్యాగరాజు విసుక్కున్నాడు. “నలుగురిలో ఏమిటా ప్రశ్న? కథ అన్నాక అన్నీ చెబుతారా? అన్నట్టు, రేపు ఆ బడికి వద్దులే. కాస్త ఆగు, నేనే తీసుకెళ్తాను.”

లీల అరువు గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది.

మర్నాడు ఆయన పనికి వెళ్లాక వంట ముగించి మూతలు పెట్టింది. ఇస్త్రీ చీర కట్టుకుంది, డిగ్రీ కాగితాలు సంచిలో పెట్టుకుంది. ఎదురింటికి వెళ్లి తాళంచెవి చేతికిచ్చింది.

“ఎక్కడికే తల్లీ ఇంత పొద్దున్నే?”

“సాక్చికి అక్కా. బడిలో ఉద్యోగానికి.”

నూకాలమ్మ ఆమెని ఎగాదిగా చూసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. “మరి మద్దినేల బాబు కూటికొత్తే ఏటి సెప్పమంటావు?”

లీల అప్పటికే మెట్లు దిగింది.

“ఒక్క నిమిషం కూర్చోమను. వచ్చేస్తానని చెప్పు.”