ఒక్క గరిటె

మా బౌద్ధ గుడి వంటింట్లోంచి కుంథియా ఆ పెద్ద గరిటె తెచ్చినప్పుడు మాలో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇక్కడే, అమెరికాలోని లోవెల్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. క్లినిక్ తరఫున మా కంబోడియా ముసలివాళ్ళ షుగరు సంగతి చూస్తుంది. అన్నం కొలుచుకు తినమని డాక్టర్లు ఇచ్చిన కప్పులతో మావాళ్ళు పూలకుండీల్లో మట్టి పోసుకున్నారు. మన మనుషులకు మన పద్ధతిలోనే చెప్పాలని ఆమె పట్టుదల. అందులో తప్పేముంది?

ఆ ఆదివారం గుడి హాల్లో అందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక గిన్నె ఇచ్చింది.

"ఇక్కడైనా, ఇంట్లోనైనా ఒక్కొక్కరికి ఒక్క గరిటె అన్నమే. మళ్ళీ సాయంత్రం దాకా ఏమీ లేదు, సరేనా?" అంది నవ్వుతూ.

ఎప్పుడూ చేపల బజారులా ఉండే హాల్లో చడీచప్పుడు లేదు. అందరూ రెండు చేతులా గిన్నెలు పట్టుకుని, తలలు వంచుకుని, ఒకరి వెనక ఒకరు కదిలారు. ఎంత బుద్ధిగా విన్నారో అని పిల్ల మురిసిపోయింది. గరిటె పట్టుకుని ఫొటో కూడా తీయించుకుంది. క్లినిక్ వాళ్ళు దాన్ని గోడకు తగిలించారు.

అందరికంటే ముందు హియెంగ్ అమ్మమ్మ షుగరు దిగింది. కుంథియా చప్పట్లు కొట్టించింది. ఆ తర్వాత వారమే అమ్మమ్మ గుడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. మాత్రలు వేసుకుంటోంది గాని తిండి సరిగ్గా తినడం లేదు. ఇంకోసారి ఇలా పడితే ప్రాణానికే ముప్పని డాక్టరు తేల్చి చెప్పాడు.

అమ్మమ్మ ఇంటికి కుంథియా వెళ్ళింది, తోడుగా నేను. పక్క సర్దుతుంటే దిండు గలీబులో ఏదో గలగలలాడింది. విప్పి చూస్తే ఎండబెట్టిన అన్నం మెతుకులు.

"ఇదేంటి అమ్మమ్మా?"

"నా గరిటెడన్నంలో సగమే తింటున్నానే. మిగతాది దాచుకుంటున్నా."

"దాచుకోవడం ఎందుకు? బియ్యం బస్తా అక్కడే ఉందిగా."

"బస్తా ఉంటే ఏం లాభం? గరిటె నీ చేతిలో ఉంది. రేపు పెడతావో లేదో."

ఆమె గొంతులో కోపం లేదు. "పోల్ పాట్ మా దేశాన్ని ఏలిన రోజుల్లో మా ఊరి ఉమ్మడి వంటశాలలో గంజి పోసిన పిల్లదీ నీ ఈడే. అదీ నవ్వుతూనే పోసేది. మా చిన్నాడు రెండోసారి గిన్నె చాపితే గరిటెతో చేతి మీద కొట్టింది. వాడు ఆ వానాకాలం దాటలేదు."

కుంథియా మంచం అంచున కూలబడింది. వాళ్ళింట్లో పెద్దలు ఆ రోజుల ఊసెత్తరు, పాపం తనకెలా తెలుస్తుంది? కానీ నాకు తెలుసు. ఆదివారం ఆ వరసలో నేనూ తల వంచుకుని నిలబడ్డాను. మన కోసం తాపత్రయపడే పిల్లను నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకని నోరు మెదపలేదు. పెద్దమనిషి తరహా అనుకున్నాను గాని, అది ఒట్టి పిరికితనం.

"క్షమించండి అమ్మమ్మా," అంది కుంథియా.

"ఊరుకో తల్లీ. మా మంచికేగా చెప్పావు."

కుంథియా కళ్ళు తుడుచుకుని అన్నం వండింది. మావాళ్ళు ఊరవేసుకునే చేప, ప్రహోక్ వేయించింది. కుండ అమ్మమ్మ ముందు పెట్టి, గరిటె ఆమె చేతికిచ్చింది.

"ఇకనుంచి మీరే వడ్డించుకోండి. కడుపునిండా తినండి. మందు సంగతి నేను డాక్టరుతో మాట్లాడతాను."

అమ్మమ్మ మొదట కుంథియా గిన్నెను గుట్టగా నింపింది, తర్వాత నాది. తన గిన్నెలో మాత్రం ఒక్క గరిటె వేసుకుంది. పైన వేలితో చదును చేసి, తల వంచి, రెండు చేతులా గిన్నెను కుంథియా ముందుకు చాపింది.

"ఇంతే కదమ్మా? చూసుకో."