కృపారాణి పేరు ఎదుట సున్నా

ఇంత తెలివి కోడ్ రాయడంలో పెట్టి ఉంటే కంపెనీ ఎప్పుడో బాగుపడేది, కోడ్‌లో ఒక్క తప్పును, ఒక్క బగ్గును నాలుగు ముక్కలు చేసి, నాలుగు ఫిర్యాదు టికెట్లు ఎత్తి, నాలుగూ సరిచేశామని రాసుకుంటారు, సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు, అనుకుంటూ తార్నాక మెట్రో మెట్లు దిగుతున్నాను, కింద ఆటోవాళ్ళు క్యాంపస్ క్యాంపస్ అని గొంతు చించుకుంటున్నారు, పదకొండింటికి నా లెక్చర్, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిని కొలవడం ఎలా అని, పిలిచింది నేను చదువుకున్న కాలేజీయే, పోస్టర్ మీద నా ఫోటో కింద నా పేరు పద్మశ్రీ, పక్కన మెట్రిక్స్ హెడ్ అని వేశారట, వేయరా మరి, హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ పైన రెండంతస్తుల్లో నడిచే మా కంపెనీకి అంకె అనేది నేర్పింది నేను, అంతకు ముందు ఎవడు పని చేస్తున్నాడో ఎవడు కునుకు తీస్తున్నాడో దేవుడికి కూడా తెలిసేది కాదు, ఇప్పుడు ఎవరి బగ్గు వాళ్ళే సరిచేయాలి, ఎన్ని సరిచేస్తే అన్ని మార్కులు, నెలాఖరుకు పేర్లన్నీ వరసగా స్క్రీన్ మీద పడతాయి, పైనున్నవాడికి షీల్డు, అడుగున ఉన్నవాళ్ళ సంగతే ఇప్పుడు ఫోనులో మా డైరెక్టర్ కరుణాకర్ అడుగుతున్నాడు, పద్మా, తీసేసే పేరు పన్నెండింటికల్లా మెయిల్ చెయ్, క్లయింట్ ఒకర్ని తగ్గించమంటున్నడు, అడుగున ఎవరుంటే గా పేరే పెట్టు, నాకు కహానీలొద్దు, అడుగున కృపారాణి ఉంది సార్ అన్నాను, ఎన్నున్నయి ఆమెకు, సున్నా సార్, ఎనిమిది నెలల నుంచీ సున్నానే, అరె, మరి ఇంకేంది సోంచాయించుడు, అని పెట్టేశాడు.

సోంచాయించడమట, ఆలోచించడం అనే పని ఆయన ఎప్పుడైనా చేశాడు గనకనా, ఆయనకు తెలిసిందల్లా స్క్రీన్ మీద రంగు, ఎరుపు కనిపిస్తే బీపీ మాత్ర, ఆకుపచ్చ కనిపిస్తే అందరికీ బిర్యానీ, ఆ ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు, నేనెక్కిన ఆటో క్యాంపస్ గేటు దాటింది, ఇక్కడ ఎండ కూడా కొంచెం మర్యాదగా ఉంటుంది, అడిగి ఉంటే చెప్పేదాన్నేమో, మా నరహరి గురించి, మూడు నెలలు వరసగా షీల్డు కొట్టిన మహానుభావుడు, కోడ్ రాసేది నరహరి, దాన్ని పరీక్షించేది రవికాంత్, బగ్గు పట్టినందుకు రవికాంత్‌కు మార్కు, సరిచేసినందుకు నరహరికి మార్కు, కింద టీ బండి దగ్గర వాళ్ళ వెనకే నిలబడి నా చెవులతో విన్నాను, అన్నా, రేపు పేమెంట్ స్క్రీన్ల రెండు బగ్గులు ఇడుస్తున్న, పొద్దుగాల్నే పట్టుకో, జల్ది మూసేస్తా, అని నరహరి అంటే, మూడు ఇడువు భయ్, నాకు ఈ నెల తక్కువున్నయి, అంటాడు రవికాంత్, తూ, మీ బతుకులు మండ, గ్లాసు అక్కడే పెట్టేసి పైకి వచ్చేశాను, ఆ నెలాఖరున నరహరికి షీల్డు ఇస్తూ ఫోటోకు నవ్వాను కూడా, నవ్వక ఏం చేస్తాం, కెమెరా ముందు.

కృపారాణి మాత్రం తక్కువ తిన్నదా, దాని పొగరు దానిది, మాణికేశ్వర్ నగర్ నుంచి రోజూ తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చుంటుంది, తండ్రి సామేలు పోయాక ఇంట్లో దీని ఒక్కదాని జీతమే, అలాంటి పిల్ల ఎంత అణిగి ఉండాలి, మార్చిలో నా క్యాబిన్‌కు వచ్చి నిలబడింది, మేడం, నా బిల్లింగ్ కోడ్ల బగ్గులే వస్తలేవు, రానిదాన్ని నేనేం దిద్దాలె, అంది, సిస్టమ్‌కు అవన్నీ తెలియవమ్మా, ఏదో ఒకటి చూపించు అన్నాను, అయితే తప్పు చేసి దిద్దమంటరా మేడం అని నా కళ్ళలోకి చూసింది, అబ్బో, నాకు పాఠాలు చెప్పడానికి వచ్చింది, వెళ్ళు వెళ్ళి పని చూసుకో అన్నాను, తలుపు కూడా చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది, అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

హాల్లో అరవై మంది, సగం మంది ఫోన్లలో మునిగి ఉన్నారు, హెచ్‌ఓడీ దివాకర్ సార్ నన్ను పొగిడిన పొగడ్తకు నాకే నవ్వొచ్చింది, ఇరవై ఏళ్ళ కిందట నాకు ల్యాబ్‌లో అత్తెసరు మార్కులు వేసింది ఈయనే, చివరి పదిహేను నిమిషాల్లో మా పట్టిక తెర మీద వేశాను, పేర్లు తీసేసి అంకెలు మాత్రం ఉంచాను, పైన యాభై నాలుగు, అడుగున సున్నా, మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది, శిరీష అట, మేడం, గా సున్నా ఉన్నోళ్ళు పని చేస్తలేరా, లేకుంటే తప్పులు చేస్తలేరా, అంది, వెనక ఎవరో కిసుక్కుమన్నారు, కూర్చోమ్మా అని దివాకర్ సార్ కసిరాడు, ఇలాంటి ప్రశ్నకు చెప్పే జవాబు నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది, సగటు అనీ, ధోరణి అనీ ఓ నాలుగు మాటలు, కానీ నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట, తప్పులు చెయ్యదు, ఆమె తప్పులు చెయ్యదు, అన్నాను, అయితే షీల్డు ఆమెకే ఇచ్చిన్రా మేడం, అంది ఆ పిల్ల, వెటకారం ఏమీ లేదు దాని గొంతులో, నిజంగానే అడుగుతోంది.

ఇవ్వలేదు, నరహరికి ఇచ్చాను, ఈ చేతులతోనే, టీ బండి దగ్గర విన్న చెవులూ నావే, వాళ్ళంతా దొంగలని ఛీ కొట్టుకుంటూ వాళ్ళు పోగేసిన అంకెలన్నీ కలిపి, ఏడాదిలో సరిచేసిన బగ్గులు మూడింతలయ్యాయని నా ప్రమోషన్ కాగితంలో రాయించుకున్నాను, మూడింతలు దిద్దారంటే తప్పులు మూడింతలు చేశారని ఒక్క ముక్క బయట పడితే నా పద్ధతీ పోతుంది, నా కుర్చీ కూడా పోతుంది, అందుకే కదా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, ఆ మార్చి రోజు కృపారాణి తలుపు వేసుకుని వెళ్ళాక నాకు ఒళ్ళు మండితే, పొగరు మీద కోపం అనుకున్నాను, కోపం కాదు అది, భయం, ఆమె చెప్పింది నిజమని నాకు అప్పుడే అర్థమైంది, గడియారం పన్నెండు కావస్తోంది, బల్ల మీద ఫోను గుర్రుమంటోంది, కరుణాకర్, అరవై మంది చూస్తుండగానే ఎత్తాను, పంపినవా పద్మా, అన్నాడు, పంపను సార్, ఆ సున్నాకు అర్థం ఆమె తప్పు చెయ్యదని, ఆ సంగతి నాకు మార్చి నుంచీ తెలుసు, అన్నాను, ఏందీ అని అరిచాడు ఆయన, తెలుసు సార్, ఇంకోసారి అన్నాను, నాకు తెలుసు.