పగటి నిద్రకు కాపలా

ఎండ పెరటి గోడ దిగకముందే దేవమణి తూర్పు కిటికీ రెక్కలు మూసి, బయటి వైపు గోనెపట్టా వేలాడదీసింది. తెల్లవారుజామునే బార్లా తీసిపెట్టిన తలుపులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది. రాత్రి చల్లదనాన్ని ఇంట్లోకి పిలిచి, పొద్దెక్కేలోగా గడియ పెట్టెయ్యడం ఆమె ఉద్యోగం. జీతమూ లేదు, సెలవూ లేదు. జగ్గయ్యపేటలో ఆ రేకుల ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ వేసవి వేసవికీ అదే పని. ఉగాదికి ముందే నిచ్చెనెక్కి రేకుల మీద రెండు పూతలు సున్నం కొట్టింది. సున్నం మీద తాటాకులు పరిపించింది. వేణ్ణీళ్ల కుండ దగ్గర్నుంచి పొయ్యి దాకా వేడిని పుట్టించేదేదీ ఆ గది ఛాయలకు రానివ్వదు.

ఇదంతా ప్రేమదాసు నిద్ర కోసం. అతను సిమెంటు లారీ డ్రైవరు. ఊరు పడుకునే వేళకు బయలుదేరి బెజవాడ వెళ్లి, ఊరు లేచే వేళకు తిరిగి వస్తాడు. లోకమంతా ఉడికిపోతున్నప్పుడు అతను పడుకోవాలి. పడుకోకపోతే ఏమవుతుందో దేవమణి ఎన్నడూ పైకి అనలేదు.

ఆ పొద్దున ప్రేమదాసే అన్నాడు, ఉప్మా ప్లేటు ముందు కూర్చుని, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా.

"నందిగామ దాటాక ఒక్క రెప్ప పడిందే. డివైడరుకి బంపరు రాసుకుంది. లారీకేం కాలేదులే."

దేవమణి చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకో?"

"నేనిక్కడే ఉన్నాగా." అతను నవ్వబోయాడు. కళ్లు మిరపపళ్లలా ఉన్నాయి. "పది రోజులాయె మణీ, సరిగ్గా నిద్రపట్టి. ఇయ్యాల రెండు గంటలన్నా పడితే చాలు. రాత్రికి మళ్లీ లోడుంది."

అతను వెళ్లి మంచమెక్కాడు. 

ఆ పది రోజులూ ఆమె చేయని ప్రయత్నం లేదు. ఉత్తరం కిటికీకి లోపలి వైపు నుంచి బిగించిన కూలరుకి కొత్త గడ్డి పెట్టించింది. నీళ్లలో ఐసు ముక్కలు వేసింది. అదీ పనిచేయక, కూలర్ని గది మధ్యకు లాగి తలుపులన్నీ బిగించింది. గది ఇడ్లీ పాత్రలా తయారైంది. ప్రేమదాసు నోరెత్తకుండా అందులోనే అటూ ఇటూ దొర్లాడు. మర్నాడే కూలరు మళ్లీ కిటికీకెక్కింది. మోటారు పోయిందేమోనని మెకానిక్‌ని కూడా పిలిచింది. అతను దాన్ని తట్టి చూసి, బ్రహ్మాండంగా ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

అసలు ఆమె బతుకంతా ఈ నిద్ర చుట్టూనే తిరిగింది. పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన కుట్టుమిషను చప్పుడు చేస్తుందని చెల్లెలికి ఇచ్చేసింది. అప్పటినుంచీ వసారాలో కూర్చుని చీరలకు ఫాల్స్ చేత్తోనే కుడుతుంది. కుక్కరు విజిల్ వేస్తుందని అన్నం గిన్నెలో వారుస్తుంది. కూతురు గ్రేసీ గుసగుసలతోనే పెరిగింది. నందిగామలో అత్తగారింటికి వెళ్లాక కూడా ఆ గొంతు పైకి లేవకపోయేసరికి, పిల్లకు ఒంట్లో బాగోలేదేమోనని వాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. దేవమణి గొంతు మాత్రం ఆదివారం చర్చిలో అందరినీ మించిపోయేది. వారమంతా దాచుకున్నదాన్ని ఆమె అక్కడ ఖర్చు పెట్టేది.

పది గంటలకు గది తలుపు సందులోంచి చూస్తే ప్రేమదాసు మెలకువగానే ఉన్నాడు. కళ్లు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు, ఆమె కోసం.  ఏం చేయాలో తోచక, ఎవరూ వెళ్లని సందులోకి, కూలరు వెనక్కి వెళ్లింది. తమ ఇంటికీ పక్కింటికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. అక్కడ మొహానికి వేడిగాలి ఫెడేల్మని కొట్టింది. పక్కింటి గోడకు కొత్త ఏసీ డబ్బా ఒకటి, సరిగ్గా కూలరు ఎదురుగా. దాని రొదను ఇన్నాళ్లూ కూలరు మోతే అనుకుంది. ఆ డబ్బా వదిలిన వేడినంతా తన కూలరు పీల్చి మొగుడి మీదికి ఊదుతోంది.

కారణం దొరికింది సరే, అడగడమెలా? పక్కింటివాళ్లు కొత్తగా దిగినవాళ్లు. వాళ్లింట్లో వాళ్లు ఏసీ వేసుకుంటే ఆపమనడానికి తనెవరు? అయినా డివైడరు గుర్తొచ్చింది. కొంగు దులుపుకుని వెళ్లి తలుపు మీద గోటితో కొట్టింది. గట్టిగా కొట్టడం ఆమెకు అలవాటు లేదు.

తలుపు సగమే తెరుచుకుంది. తెరిచిన పక్కింటావిడ ప్రమీలారాణి వెంటనే పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా అండీ, నాన్నగారు ఇప్పుడే పడుకున్నారు," అంది గుసగుసగా.

"మా ఆయన కూడానండీ," అంది దేవమణి, అంతే గుసగుసగా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పగలు మీ ఇంట్లో ఎవరూ ఉండరనుకున్నానండీ!" అంది ప్రమీలారాణి.

"మీ ఇంట్లోనూ అంతే అనుకున్నానండీ నేను."

ప్రమీలారాణికి నవ్వొచ్చి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక గదిలో పెద్దాయన జగన్నాథరావు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తెరిచిన చొక్కాలోంచి గుండె ఆపరేషను కుట్లు కనిపిస్తున్నాయి. మైలవరం నుంచి తెచ్చి పది రోజులైందట, వేడి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడట. అది విన్నాక దేవమణి ఒకడుగు వెనక్కి వేసింది. వచ్చిన దారినే వెళ్లిపోదామనుకుంది. కానీ ప్రేమదాసు మూసుకున్న దొంగ కళ్లు ఆమెను కదలనివ్వలేదు.

"మీ ఏసీ వేడిగాలి మా కూలర్లోకి వస్తోందండీ. కట్టెయ్యమని అననండీ, పెద్దాయనున్నారు. మా ఆయన మాత్రం రాత్రికి లారీ తోలాలండీ. నిద్ర లేదండీ. రాత్రి కునుకొచ్చిందటండీ, లారీలో." అంతవరకు వచ్చేసరికి గుసగుస కూడా వణికింది.

ప్రమీలారాణి నవ్వు మాయమైంది. చెప్పులేసుకుని సందులోకి వచ్చి చెయ్యి పెట్టి చూసింది. "అయ్యో, పొయ్యి ముందు నిలబడ్డట్టుందండీ! మా వాళ్లు బిగించి వెళ్లిపోయారు, నేనిటు రానే లేదు. ఉండండి."

దేవమణి పెరట్లో పాత రేకు ముక్క ఉంది. దాన్ని డబ్బాకి మూరెడు దూరంలో ఏటవాలుగా కడితే గాలి ఆకాశంలోకి పోతుందని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఒకరు స్టూలెక్కారు, ఒకరు పట్టుకున్నారు. రేకు గోడకు తగిలితే రెండిళ్లలోనూ నిద్రలు చెదిరిపోతాయి గనక, దానికి తువ్వాలు చుట్టి, పట్టపగలు దొంగల్లా కిక్కురుమనకుండా బైండింగ్ వైరుతో బిగించారు. ప్రమీలారాణి వేలు చీరుకుపోయినా అబ్బా అనలేదు; మొహం చిట్లించి గాల్లోకి ఊదుకుంది. దేవమణికి ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

తిరిగి వచ్చి కూలరు ముందు చెయ్యి పెట్టింది. గాలి చల్లగా, తడి గడ్డి వాసనతో తగిలింది. తడిగాలి బయటికి పోయేలా దక్షిణం తలుపు జానెడు తెరిచి ఉంచి, వసారాలో సూదీ దారం పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఎండ రోడ్డు మీద తారు కరిగిస్తుంటే లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. మంచం కిర్రుమనడం లేదు, దగ్గు లేదు. మొదట సంతోషించింది. తర్వాత భయం వేసింది. పది రోజులు నిద్ర లేని మనిషి, యాభై దాటిన ఒళ్లు. లేచి వెళ్లి తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. అప్పుడు ప్రేమదాసు గురక పెట్టాడు, మొదటి గేరులో గట్టెక్కే లారీలాగా. ఆ ఇంట్లో అనుమతి ఉన్న ఒకే ఒక్క చప్పుడు అది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. గుమ్మానికి ఆనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కాసేపు ఆ గురక వింటూ నిలబడిపోయింది.

సాయంత్రం లేచి ప్రేమదాసు గదంతా ఓసారి కలయజూశాడు. కళ్లలో ఎరుపు పోయింది.

"ఏం చేశావే?"

"ఏం లేదు. పక్కింటావిడా నేనూ కలిసి దొంగతనానికెళ్లొచ్చాం."

అతనికి అర్థం కాలేదు గానీ నవ్వాడు. కడుపునిండా అన్నం తిన్నాడు. వాకిట్లోకి వెళ్లాక చొక్కా జేబు తడుముకుని, గది వైపు ఓసారి చూసి, "ఉండనీలే, ఇయ్యాల వాటితో పన్లేదు," అన్నాడు. చెప్పులు టపటపలాడించుకుంటూ లారీల స్టాండు వైపు నడిచిపోయాడు.

వేటితో పనిలేదో ఆమెకు అర్థం కాలేదు. చల్లబడ్డాక కిటికీలన్నీ తెరిచి, పక్క దులుపుదామని గదిలోకి వెళ్లింది. దిండు పక్కన కాగితం పొట్లం ఒకటి ఉంది. విప్పి చూస్తే, కునుకు ముంచుకొచ్చినప్పుడు కొరకడానికి అతను లారీలో పెట్టుకునే పచ్చిమిరపకాయలు. వాటి సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. దేవమణి మంచం మీద కూర్చుని, పొట్లాన్ని ఒళ్లోకి తీసుకుంది. పొట్లంలో కాయలన్నీ వాడిపోయి ఉన్నాయి, ఒకటి సగం దాకా కొరికి ఉంది.