బావిల నేర్సిన ఊపిరి

మెదక్‌ల ఈత నర్సింహ ఎవలకు ఎరుకలేదు? మంజీరల మనిషి మునిగినా, చెరువుల బర్రె కూరుకపోయినా ముందుగాల ఫోన్ ఆయనకే పోతది. ఎండకాలమొస్తె కౌడిపల్లి రోడ్డు పక్క దిగుడుబావే ఆయన బడి. వీపుకు బెండు కట్టి, పోరగాండ్లను మెట్ల మీదికెల్లి ఒక్క నూకు నూకెటోడు. ఏడ్సినా ఇనెటోడు కాదు. "ఈతకు మించిన లోతు లేదురా" అనెటోడు. గా సామెత కట్టినోల్లెవలో గని, సముద్రం చూసినోల్లైతె కాదు.

ఆయన బావికి ఒక ఆనవాయితి ఉన్నది. బెండు ఇప్పేసిననాడు పిల్లలు అడుగుదాక మునిగి పిడికెడు బురద తేవాలె. మెట్ల మీదున్నోల్లంత గొంతెత్తి ఒకట్లు లెక్కవెట్టాలె. ఎంత లెక్కదాక లోపలుంటె అంత మొనగాడన్నట్టు. మునిగే ముందల నర్సింహ ఒక్కొక్కల చెవుల వంగి చెప్పేది ఒక్కటే మాట: "పానం పోయినా ఊపిరి ఇడువొద్దు."

ఆయన బిడ్డ కృతిక ఎనిమిదో తరగతిలనే నూటపది దాక ఉన్నది. ఆనాడు నర్సింహ బజారంత తిరిగి చెప్పిండు. మొగపోరలు నోరు తెరిసిండ్రు. గసుంటి పిల్ల నీళ్ళల్ల సచ్చిపోయిందంటె ఎవలు నమ్ముతరు చెప్పుండ్రి?

పోయిన ఏడు ఎండకాలం ముచ్చట. చర్చి ఎనుక గల్లీల ఫేబ అని కృతిక దోస్తు ఉన్నది. వంటపని నేర్సి మాల్దీవుల ఒక పెద్ద పడవల కుదిరింది. అది ఒడ్డు మీదికెల్లి పొద్దుమాపు పోయొచ్చే పడవ కాదు. వచ్చినోల్లకు వారం పది దినాలు దాంట్లనే తిండి, దాంట్లనే పండుడు. మనుషులే లేని దీవుల కాడికి తీస్కపోతరు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని, నోట్లె పైపు వెట్టుకొని, దినాం మూడు నాలుగు సార్లు సముద్రంల మునుగుతరు, చేపలు చూసెతందుకు! సౌకు చేసెటోల్లకు ఏం తక్కువ? ఆ పడవల రూములు సదిరే పనికి కృతికను గూడ ఫేబనే పిలిపిచ్చింది. పిల్ల ఈత చూసి, వచ్చినోల్లకు మునుగుడు నేర్పే మాస్టరు, పని లేనప్పుడు దానికి గూడ సిలిండర్ కట్టి పైసలు తీస్కోకుంట నేర్పవట్టిండు.

"నాయినా, ఈడ నీళ్ళల్ల నా నీడ అడుగున కనవడుతది" అని వీడియో కాల్‌ల సంబురపడుతుండె. నర్సింహ మీసం దువ్వుకొని "బురద తెచ్చినవా మరి?" అంటుండె.

ఆ ఫోన్ వచ్చిన దినం నర్సింహ ఇంట్ల లేడు. మంజీరల ఎవలి కొడుకునో ఎతుకుతుండు. ఫోన్ ఎత్తింది ఆయన పెండ్లాం భూలక్ష్మి. ఆయన తడిబట్టల మీద ఇంటికొచ్చేసరికి ఆమె గడపల కూలవడి ఉన్నది. "సిలిండర్ ఖరాబైందట" అన్నది. గంతే. ఇంకో మాట అడిగితె ఏడుపే.

డబ్బాల బిడ్డ వచ్చింది. తూప్రాన్ కాడ అంబులెన్సుకు ఎదురువోయి, ఆడికెల్లి మెదక్ దాక దాని మీద చెయ్యి వేసి కూసున్నడు. మంది బిడ్డల శవాలు ఎన్ని తీసిండో, తన బిడ్డను తీసెతందుకు ఆయన లేకపాయె. ఆ కాడికెల్లి బావి మొఖం చూడలె. "గా ఖరాబ్ సిలిండర్ కట్టినోడు నా చేతికి దొరకాలె" అని పండ్లు నూరుడు, లేకుంటె గోడకు చూసుకుంట కూసునుడు.

మల్ల ఎండకాలమొచ్చింది. పిల్లల తల్లులు ఇంటికొచ్చి "నువ్వు నేర్పకుంటె మా పోరలు దొంగతనంగ చెరువుల దుంకుతరే అన్నా" అని బతిలాడిండ్రు. "నా బిడ్డ ఎట్ల సచ్చిందో సక్కగ ఎరుకైతె గని నీళ్ళల్ల కాలు వెట్ట" అన్నడు నర్సింహ. గప్పుడే ఫేబ సెలవు మీద ఇంటికొచ్చిందని తెలిసి, వాల్ల ఇంటికి పోయిండు.

ఫేబ గూడ ఒకప్పుడు ఆయన నూకితె బావిల పడ్డ పిల్లనే. ఆయనను చూసి మొఖం తెల్లబోయింది.

"కూసో కాకా. చాయ్ వెడత."

"చాయ్ కాదు బిడ్డా. సంగతి చెప్పు."

ఫేబ లోపలికి పోయి నీలం అట్ట బుక్కు తెచ్చింది. కృతిక మునిగినప్పుడల్ల ఒక్కో పేజీ రాసుకున్నదట. ఏ దీవి, ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఏం చూసింది. కింద మాస్టరు ఒక మాట రాసి సంతకం వెడతడట. ఫేబ చదువుకుంట పోయింది. పన్నెండు మీటర్లు, తాబేలు. పద్దెనిమిది మీటర్లు, రెక్కల చేప, మంచం అంత ఉన్నదట. నర్సింహ పేజీల మీద బిడ్డ రాత తడుముకుంట ఇన్నడు. ఒక కాడ ఏలు ఆగింది.

"గీ ఎర్ర అక్షరాలు ఎందుకు సదువుతలేవు? ఆ పేజీల ఉన్నయ్, దీంట్ల గూడ అవే ఉన్నయ్. నాకు సదువు రాదు గని నేను గుడ్డోన్ని గాను."

ఫేబ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "వద్దు కాకా."

"సదువు."

"ఊపిరి బిగవడుతున్నది. మానిపియ్యాలె. అని రాసిండు."

నర్సింహకు ముందుగాల సమజ్ కాలె. "బిగవట్టుడే గదా! అండ్ల తప్పేమున్నది?"

"బావిల తప్పు లేదు కాకా. మనం బయటి గాలి పీల్చుకొని మునుగుతం, అదే గాలితోని మీదికొస్తం. సిలిండర్ గాలి లోతుల పీలుస్తం. మీదికొస్తుంటె అది లోపల ఉబ్బుతది. ఇడుసుకుంట రావాలె. బిగవడితె ఎక్కువ గాలి ఊదిన రబ్బరు బుగ్గ తీరు..." అని అక్కడికి ఇడిసి, ఆనాటి సంగతి ఎత్తుకున్నది. "ఇరవై రెండోసారి మునిగింది. పక్కన పోయేటోని కాలు తలిగి నోట్లె పైపు ఊడింది. మల్ల వెట్టుకునుడు దానికి వచ్చు. గని బెదిరింది. నేర్సిందంత మర్సిపోయింది. నోరు గట్టిగ మూసుకొని, ఊపిరి బిగవట్టి ఒక్కసారే మీదికొచ్చింది, మన బావిల లెక్క. నేను పడవ మీదనే ఉన్న కాకా. మీదికైతె వచ్చింది. నన్ను చూసింది. నోట్లెకెల్లి నెత్తురొచ్చింది. దవాఖానకు ఆడికెల్లి పడవల సగం దినం తొవ్వ."

నర్సింహ బుక్కు మూసిండు. "సిలిండర్ మంచిదేనా?"

"మంచిదే. ఇంట్ల ఫోన్ ఎత్తిన చిన్నమ్మకు ఆనాడే అంత చెప్పిన. ఆయనకు చెప్పకు, నీ కాల్మొక్కుత, ఇన్నడంటె ఆయన బతకడు అన్నది."

అయ్యో, ఏడాది దినాలు! ఏడాది దినాలు ఆ తల్లి తన దుఃఖం మీద ఆయన దుఃఖం గూడ ఎత్తుకొని తిరిగింది.

ఇంటికొస్తె భూలక్ష్మి వాకిట్లనే నిలవడ్డది. "ఏమన్నదయ్యా ఫేబ?" అన్నది. చేతులల్ల కొంగు ముడేసుకుంట, ఇప్పుకుంట ఉన్నది. నర్సింహ ఆ చేతులు చూసిండు.

"ఏమంటది? సిలిండర్ ఖరాబట" అన్నడు. "రేపటికెల్లి బావి కాడికి పోత. పోరలను రమ్మను."

భూలక్ష్మి మొఖం తిప్పుకొని కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. ఆ మాపు ఆయనకు ఇష్టమని పచ్చిపులుసు చేసింది. ఇద్దరు ఒక్క కాడ కూసోని తిన్నరు.

పది దినాలు మంచిగనే నడిసింది. పదకొండో దినం సలోమి అనే తొమ్మిదేండ్ల పిల్లకు బెండు ఇప్పే వంతొచ్చింది. నర్సింహ ఆమె చెవుల వంగిండు. బెండు తాడు ఇప్పి, ఆ మాట చెప్పకుంటనే లేసిండు. ఆయన చెప్పకుంటె ఏంది, గా మాట మెదక్ పిల్లలందరికి నోటికొచ్చిందే! సలోమి బుగ్గలు నిండ గాలి వట్టి మునిగింది. మెట్ల మీది పోరలు మొదలువెట్టిండ్రు: "ఒకటి! రెండు! మూడు!"

పదిహేను కాలె. నర్సింహ అంగి మీదనే దుంకిండు. పిల్లను రెట్టవట్టి మీదికి గుంజిండు. "ఇడువు బిడ్డా! ఊపిరి ఇడువు! ఇడువు, ఇడువు!" అని దాని చెంపలు తడుతుండు, మొత్తుకుంటుండు. పిల్ల బీరిపోయి, బురద పిడికిలి ఎత్తి చూపెట్టింది. "తాతా, నేను ఇంక ఉంటుంటి" అన్నది. పోరలు నవ్విండ్రు.

గట్టు మీద భూలక్ష్మి సద్ది గిన్నె పట్టుకొని నిలవడి ఉన్నది. గిన్నె కింద వెట్టి, మెట్లు దిగొచ్చి, తడిసిన ఆయన పక్క కూసున్నది.

"నీకు ఎరుకైంది" అన్నది.

ఆయన తల ఊపిండు. నీళ్ళ దిక్కు చూసుకుంట అన్నడు.

"చిన్నప్పటి సంది గంతే గదనే భూలక్ష్మీ. నా బిడ్డ ఎన్నడన్న నా మాట దాటిందా?"