రాయకుండా తుడిచిన నంబరు

మిఫ్లిహ్ కార్లు బాగుచేసే షెడ్డులో ఉన్నది ఒకటే నియమం. కారు జబ్బుని నంబరుగా చూపించే కోడ్ రీడర్ మీద ఏది కనబడినా ముందు నోటుపుస్తకంలో రాయాలి, ఆ తర్వాతే తుడవాలి. తుడిచాక కారు తన జబ్బు మరిచిపోతుంది. మళ్ళీ గుర్తొచ్చేదాకా ఎవరూ ఏమీ చెప్పలేరు.

మిఫ్లిహ్ ఇంజనుకి చెవి ఆనించి సగం జబ్బులు చెప్పేవాడు. మిగతా సగం ఈ కొత్త కార్లు కంప్యూటర్లో దాచుకునేవి. తెర మీది ఇంగ్లీషు అతనికి రాదు. అందుకే బడి అయ్యాక కూతురు ఘుసూన్ వచ్చి, స్టీరింగు కింద రీడర్ గుచ్చి, నంబరు చదివి అర్థం చెప్పేది. పదహారేళ్ళ పిల్ల. నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత సిగ్గు. వాళ్ళ ఊరు షోబక్ తోటల వాళ్ళు ఆమెను "డాక్టరమ్మ" అనేవారు. ఆ పిలుపు వినబడితే చాలు, చెవులు వేడెక్కిపోయేవి.

ఆ బుధవారం హాజ్ అవ్వాద్ కారు వచ్చింది. ఆయన మసీదులో నమాజుకు పిలుస్తూ అజా ఇచ్చే పెద్దాయన. ఇంటి నుంచి మసీదుకి, మసీదు నుంచి ఇంటికి తప్ప ఆ కారు పెద్దగా తిరగదు. ముందు పలకలో ఇంజను జబ్బు చెప్పే పసుపు దీపం వెలుగుతోంది. ఘుసూన్ సీట్లో కూర్చుని రీడర్ పెట్టింది. లోపల ఒక కోడ్ ఉందని తెర చెప్పింది. దాన్ని తెరవబోతుంటే బెంచీ మీద టీ తాగుతున్న ఆపిళ్ళ ఖలఫ్ గట్టిగా అరిచాడు.

"ఏం డాక్టరమ్మా, నాడి దొరికిందా? హాజీగారికి మగపిల్లాడా ఆడపిల్లా?"

అందరూ గొల్లున నవ్వారు. అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి. ఘుసూన్ వేలు తడబడింది. "తుడవమంటావా?" అని తెర అడిగింది. చూడకుండానే అవునని నొక్కేసింది. పసుపు దీపం ఆరిపోయింది. తెర ఖాళీ. నోటుపుస్తకంలో పేజీ కూడా ఖాళీ.

"నంబరెంతమ్మా?" అన్నాడు మిఫ్లిహ్.

పొరపాటున తుడిచేశాను నాన్నా అంటే అయిపోయేది. కానీ అంతమంది మగవాళ్ళ ముందు అనలేకపోయింది. ఆ చుట్టుపక్కల కార్లలో రోజూ కనిపించే నంబరు నోటికొచ్చింది.

"పి సున్నా నాలుగు రెండు సున్నా."

అది పొగ గొట్టంలోని డబ్బా పాడైనా, లేకపోయినా వచ్చే కోడ్. పొగను శుభ్రం చేసే ఆ డబ్బాలో ఖరీదైన లోహం ఉంటుందని సగం ఊరు విప్పి అమ్ముకుంది. అందుకే ఆ నంబరు వింటే ఎవరూ మారు ప్రశ్న వేయరు. నవ్వి ఊరుకుంటారు.

ఖలఫ్ తొడ చరిచాడు. "హాజీ, నువ్వు కూడానా! అజా ఇచ్చే నోరు పెట్టుకుని డబ్బా అమ్ముకున్నావా?"

హాజ్ అవ్వాద్ నవ్వలేదు. "అల్లా సాక్షి, నా చెయ్యి దాని మీద పడలేదు."

"కారు ఇంకెవరి చేతికైనా ఇచ్చావా?" అన్నాడు మిఫ్లిహ్.

పెద్దాయన కారు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పోయిన వారం సాహిమ్ మఆన్ పట్నానికి తీసుకెళ్ళాడు."

సాహిమ్ ఆయన తమ్ముడి కొడుకు. తండ్రి పోతే ఐదేళ్ళప్పటి నుంచి ఆయనే పెంచాడు.

"ఉండు, కిందికి దూరి చూస్తాను" అని మిఫ్లిహ్ గోనెపట్టా పరవబోయాడు.

"వద్దు. నా ఇంటి సిగ్గు మీ అందరి ముందూ వెల్లకిలా పడుకుని చూపించక్కర్లేదు." ఘుసూన్ దిగగానే హాజ్ కారెక్కి తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఘుసూన్ ఖాళీ పేజీ వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన చేత్తోనే ఆ అబద్ధపు నంబరు రాసింది. రాశాక అది ఇంకా అబద్ధంగా కనబడింది.

గురువారం మధ్యాహ్నం తల్లి టమాటా వేపుడు గిన్నె మధ్యలో పెట్టి, రొట్టె తుంచుతూ చెప్పింది. "పాపం హాజీ ఇంట్లో పొయ్యి వెలగలేదట. సాహిమ్‌ని దొంగ అన్నాడట. ఆ పిల్లాడు ఒట్టు కూడా వేయలేదు. 'నమ్మని చోట ఒట్టెందుకు' అని మూట కట్టుకున్నాడు. రేపు పది గంటల బస్సుకి అఖబా వెళ్ళిపోతాడట."

రొట్టె ముక్క ఘుసూన్ నోట్లో గడ్డిలా అయింది. ఆ అబద్ధం తనదే. తను అన్న మాటకి వాడు ఊరు వదులుతున్నాడు.

శుక్రవారం పొద్దున మిఫ్లిహ్ వాకిట్లో చేతుల నూనె మరక రుద్దుకుంటున్నాడు. ఘుసూన్ వెనక నిలబడి చెప్పింది. అంతా చెప్పింది. అతను వెంటనే తిరగలేదు. సబ్బు నురగ వేళ్ళ మీద ఆరిపోయేదాకా ఆగాడు.

"కోడ్ పోతే పోయింది. నంబరు ఎందుకు కల్పించావే?"

"సిగ్గేసింది నాన్నా."

"ఇప్పుడు వేయాలి సిగ్గు. చెప్పులేసుకో."

హాజ్ అవ్వాద్ రాత్రంతా నిద్ర లేనట్టున్నాడు. అయినా అతిథులకి కాఫీ పోశాడు. మిఫ్లిహ్ చిన్న కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడు. అక్కడి ఆచారంలో, ఏదో కోరి వచ్చారని అర్థం. ఆ కోరిక తీరకుండా కప్పు చల్లారితే ఆ ఇంటికి తలవంపు.

"తాగు మిఫ్లిహ్. నువ్వు దేనికొచ్చావో అది అయినట్టే."

"కోరిక నాది కాదు హాజీ. మా అమ్మాయిది."

పెద్దాయన ఆశ్చర్యంగా చూశాడు. ఘుసూన్ ఆ కప్పు మీదే కళ్ళు పెట్టింది.

"హాజీగారూ, సాహిమ్‌ని వెళ్ళనివ్వకండి. ఆ నంబరు నేను కల్పించాను. అసలుది చదవకుండానే తుడిచేశాను."

మిఫ్లిహ్ లేచి వాకిట్లో ఉన్న కారు కిందికి దూరాడు. కాసేపటికి కింద నుంచి ఠంగుమని చప్పుడు, ఆ వెంటనే గొంతు. "ఉంది. తుప్పు పట్టి, కదలకుండా ఉంది."

హాజ్ అవ్వాద్ గడప మీద కూలబడ్డాడు. ఘుసూన్‌ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. "టైమెంతయింది? వాడు అప్పుడే బస్సుకి బయల్దేరాడు" అని మాత్రం అన్నాడు.

ముగ్గురూ కారెక్కారు. హాజ్ నడిపాడు. ఘుసూన్ వెనక సీట్లో రీడర్, నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. నిట్టనిలువు ఎత్తు మీద కారు మూలుగుతూ ఎక్కింది. పెద్దరోడ్డు దగ్గర సాహిమ్ మూట పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కారు అతని ముందు ఆగింది. ఇంజను ఆపాలన్న ధ్యాస కూడా పెద్దాయనకి లేదు.

ఘుసూన్ దిగి, ఇంకొకసారి అదే చెప్పింది. రెండోసారికి తేలికవుతుందనుకుంది. కాలేదు.

సాహిమ్ ఆమెను చూడలేదు. పెదనాన్ననే చూశాడు. "ఈ పిల్ల భయపడి ఒక నంబరు చెప్పింది. నువ్వు పదేళ్ళకు పైగా నన్ను చూశావు. ఒక్కసారి వంగి కారు కింద చూడలేకపోయావా?"

అవతల మలుపులో బస్సు హారన్ వినబడింది. సాహిమ్ మూట ఎత్తుకున్నాడు.

అప్పుడే కారు ముందు భాగం నుంచి బుసబుస మంటూ ఆవిరి లేచింది.

"ఆపు హాజీ, ఆపు!" మిఫ్లిహ్ పరుగెత్తి బానెట్ ఎత్తాడు. "ఫ్యాన్ తిరగట్లేదు. పరుగులో ఉంటే గాలికి చల్లబడుతుంది. నిలబడితే ఉడికిపోతుంది."

బస్సు వచ్చి తలుపు తెరుచుకుంది. డ్రైవరు "ఎక్కుతావా లేదా అన్నా?" అన్నాడు. సాహిమ్ ఆవిరి వైపు చూశాడు. వేడెక్కిన రేడియేటరు మూత మీదికి ఉత్త చెయ్యి పోనిస్తున్న పెదనాన్నని చూశాడు.

"చెయ్యి తియ్యి, కాల్చుకుంటావు!" మూట కింద పడేసి పరుగెత్తాడు.

బస్సు కాసేపు చూసి వెళ్ళిపోయింది.

ఘుసూన్ లోపలికి వంగింది. పసుపు దీపం మళ్ళీ వెలిగి ఉంది. రీడర్ గుచ్చి నంబరు తెరిచింది. పి సున్నా నాలుగు ఎనిమిది సున్నా. ఫ్యాన్ కోడ్. బుధవారం తను పారేసింది ఇదే. మొన్నే చెప్పి ఉంటే ఈ నీళ్ళు ఉడికేవి కావు, మూట కట్టేవాళ్ళూ ఉండేవారు కారు. పెన్సిలు తీసి, అబద్ధపు నంబరు కింద నెమ్మదిగా రాసింది. పైదాన్ని కొట్టేయలేదు.

"రాశావా?" అన్నాడు మిఫ్లిహ్.

"రాశాను. తుడవనా నాన్నా?"

ఫ్యాన్ దగ్గర వంగిన సాహిమ్ తలెత్తకుండానే జవాబిచ్చాడు. "ఉండనీ. ముందు బాగు కానివ్వు."