నాలుగో ముక్క మీద బాణం

అన్నం వార్చి, చేపల పులుసు దించి, ఎవాంజెలిన్ కంచం ముందు కూర్చోబోయి ఆగింది. మళ్ళీ అదే గొంతు. "ఏందిమే, మొగోడు తినకముందే కూసుంటున్నావు?"

అత్తగారు పుష్పకుమారి పోయి పది నెలలైంది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు, ఈమెకు మాత్రం చచ్చాక కూడా నోరే బారెడు. ఎవాంజెలిన్ కంచం వదిలేసి భర్త రూఫస్ చొక్కా ఇస్త్రీ చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆకలితోనే కావలిలో బస్సెక్కింది.

వెంకటాచలం దగ్గరి ల్యాబులో ఆమె పరిశోధన లోహపు రేకుల మీద. రోలర్ల మధ్య నలిగిన రేకులో లోపలి రేణువులన్నీ, గాలివానకు పడిన వరిచేనులా, ఒకే వైపు వాలిపోతాయి. ఎటు నలిగిందో మరిచిపోకుండా ప్రతి ముక్క వెనక సూదితో బాణం గీస్తారు. ఆ ముక్కలకు రేడియేషన్ దెబ్బ తగిలాక వాలు మారిందా అన్నదే ఆమె చూడాల్సింది. నాలుగో ముక్కలో మారింది. "ఇదేనమ్మా మన పేపరు," అన్నారు గైడు నరేంద్రబాబు గారు. అందరికన్నా ఎక్కువ సంతోషపడింది ఎవాంజెలినే. అన్ని దెబ్బలు తిన్నాక లోహమైనా వాలు మార్చుకుంటుందని తెలిసి నాలుగు రోజులు హాయిగా నిద్రపోయింది.

ఈ రోజు పేపరు పంపబోతూ ఎందుకో ఆ ముక్కను తిప్పి భూతద్దం కింద పెట్టింది. రోలరు గీరిన సన్నటి గీతలు ఒకవైపు పోతున్నాయి, ఆమె గీసిన బాణం వాటికి అడ్డంగా ఉంది. ఏడాది కిందట, ఇంకా బతికున్న అత్తగారు ఫోనులో, "ఇంటికాడ వంటెవురు జేస్తారు?" అంటుంటే, "వస్తన్నా అత్తమ్మా" అని సర్దిచెబుతూ గీసిన బాణం అది. ఆ బాణాన్ని నమ్మి ముక్కను అడ్డం తిప్పి కొలిచింది, అంటే వాలు మారలేదు. రేడియేషన్ లోపలంతా తూట్లు పొడిచి రేకును పెళుసు చేసిందే గానీ వాలు జోలికి పోలేదు. రోలరు ఆగిపోయి ఎన్నాళ్ళైనా వాలు అట్లాగే ఉంది.

"గమ్మునుండమ్మా, ఎవురు చూడొచ్చినారు?" అన్నారు సంగతి విన్న గైడు.

"నేను చూసినాను సార్," అని, పేపరు ఆపి, తప్పు తనదేనని ల్యాబు పుస్తకంలో రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఏడేళ్ళ కూతురు ఏంజెలిన్ ఖాళీ కంచం పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. ముఖం వాడిపోయింది.

"ఆకలైతే పెట్టుకోకూడదా తల్లీ?"

"నాయన తినకముందే కూసోకూడదు గదమ్మా."

మాట విరుపుతో సహా ఆ గొంతు పుష్పకుమారిదే. ఎవాంజెలిన్ పిల్ల చేతిలోని కంచం అందుకుంది. అత్తగారు చెప్పింది తనకు. పిల్లకు నేర్పింది మాత్రం రోజూ కంచం ముందు నుంచి లేచిపోతున్న తానే.

రేకు వాలు మారాలంటే దాన్ని కొలిమిలో పెట్టాలి, లోపల కొత్త రేణువులు పుట్టేదాకా కాల్చాలి. అది ఆమెకు బాగా తెలుసు. కూతురిని పక్కన కూర్చోబెట్టి రెండు కంచాల్లో అన్నం పెట్టింది.

ముందుగదిలోంచి రూఫస్ కేకేశాడు. "నాకు పెట్టినావా?"

"మేం తింటున్నాం. గిన్నెలో ఉంది, వచ్చి పెట్టుకోండి."

పిల్ల భయంగా తలుపు వైపు చూసింది. "ఏందిమే," అంది చెవి పక్కనే ఆ గొంతు.

ఎవాంజెలిన్ ముద్ద కలిపి, ముందు తన నోట్లో పెట్టుకుంది.